చావాల్సిన వరుస

ఈస్టు ఆకలేస్తే అడగదు, నొప్పేస్తే ఏడవదు, చచ్చిపోతే ఎవరినీ నిందించదు. రోజంతా వాటి మధ్య గడిపే మనిషికి మనుషులతో మాట్లాడడం కొంత మరుపున పడడం సహజమే. కానీ ఈస్టు పిన్ని విషయంలో ఆ మాట చెప్పి తప్పించుకోవడానికి లేదు. ఆమెకు మాట్లాడడం బాగానే వచ్చు. నోరు విప్పాల్సిన రోజున విప్పలేదు, అంతే.

ఆ పేరు పెట్టింది అక్క కూతురు. పిన్ని ల్యాబ్ నుంచి నేరుగా వచ్చి ఎత్తుకుంటే ఒంటి నిండా పులిసిన పిండి వాసన. "ఈస్టు పిన్ని వచ్చింది, కిటికీలు తెరవండి" అని ఆ పిల్ల ఇల్లెగిరిపోయేలా అరిచేది. బదులుగా ఆ పిల్లకు పిన్ని పెట్టిన పేరు పిచ్చుక. దానికి తొమ్మిదేళ్ళు, చూసినవాళ్ళు మాత్రం నాలుగేళ్ళ పిల్ల అనుకుంటారు. చెవులు చిక్కుడు గింజలంత ఉంటాయి. మోకాళ్ళకు చిప్పలు లేవు, మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న మాట దాన్ని చూసే పుట్టి ఉంటుంది. బస్సులో ఎవరైనా బుగ్గ గిల్లి "బడిలో వేశారా అమ్మా?" అంటే, "నాకు పదిహేనో ఎక్కం వచ్చు, మీకు వచ్చా?" అని అడిగి వాళ్ళు దిగిపోయే దాకా జవాబు కోసం చూసేది.

ఆ కూత విన్నవాళ్ళెవరూ దాని మొదటి రెండేళ్ళను ఊహించలేరు. ముక్కులోంచి కడుపులోకి పాలగొట్టం. జలుబు చేస్తే చాలు, ఊపిరి అందక పెదాలు నీలంగా మారిపోయేవి. గొట్టం ఊడినప్పుడల్లా మళ్ళీ పెట్టాలి. పెట్టేటప్పుడు కాళ్ళూ చేతులూ కదలకుండా ఎవరో ఒకరు అదిమిపట్టాలి. ఆ పట్టుకునే మనిషి ఎప్పుడూ అక్కే. అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉన్న బిడ్డ, తల్లి తనను ఎందుకు నొక్కి పట్టుకుంటోందో తెలియక ఆమె ముఖంలోకే చూస్తూ ఏడ్చేది. అక్క అప్పుడే ఒట్టు పెట్టుకుంది. "ఇది బతికితే చాలు. ఇంకో బిడ్డను కని, దాని చేతులు కూడా ఇలా అదిమిపట్టే పాపం నాకొద్దు."

పిచ్చుక బతికింది. ఒట్టు ఒట్టుగానే ఉంది, ఆశ మాత్రం చావలేదు. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పొరుగు పిల్లల గౌన్లు ఏటేటా కాస్త పొడుగు పెంచి కుట్టేటప్పుడు ఆమె చేతిలో టేపు ఒక్క క్షణం ఆగేది. బావ కారు నడపడం నేర్పే మాస్టారు. పక్క సీట్లో కూర్చుని తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని బతికే మనిషి. ఇంట్లోనూ అంతే, రెండో బిడ్డ మాట రాగానే బ్రేకు తొక్కేవాడు.

ఆయన భయానికి కారణం ఉంది. పిచ్చుక జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఆసుపత్రిలో ముగ్గురి రక్తమూ పరీక్షించారు. బావ ఇచ్చిన జన్యువు విరిగిపోయి ఉంది, అందులో అనుమానం లేదు. అక్క ఇచ్చిన దాంట్లో మాత్రం ఒకే ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం కూడా చెడ్డదైతే ఇద్దరి లోపాలూ కలిసి జబ్బు వచ్చినట్టు, పుట్టబోయే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం ఉన్నట్టు. ఆ అక్షరం మంచిదైతే పిచ్చుక జబ్బుకు కారణం మరేదో, అది మళ్ళీ వచ్చే అవకాశం చాలా తక్కువ. "మంచిదో చెడ్డదో మాకు తెలియదమ్మా. ఈ మార్పు మేం ఇంతవరకు ఎవరిలోనూ చూడలేదు" అని డాక్టరు చేతులెత్తేశాడు.

విచిత్రం ఏమిటంటే, ఏ జన్యువు గురించి ఆ డాక్టరు చేతులెత్తేశాడో దాని మీదే పిన్ని ఉద్యోగమంతా. మనిషిలోనూ ఈస్టులోనూ అది చేసే పని ఒకటే. ఆ పని ఏమిటో పిన్ని ఒక ఆదివారం పిచ్చుకకు పరదా రింగులతో చూపించింది. రెండు పురికొసలను పేని కిటికీ చువ్వల మధ్య కట్టింది. మధ్యలో ఒక బట్టల క్లిప్పు తగిలించింది. పక్కన అక్క మిషను తొక్కుతోంది.

"కణం రెండుగా చీలాలంటే ముందు ఈ దారానికి ఇంకో నకలు తయారవ్వాలి. ఎక్కడపడితే అక్కడ మొదలుపెడితే కుదరదు. అందుకని దారం మీద అక్కడక్కడా కాపలావాళ్ళు కూర్చుంటారు. ఈ క్లిప్పు కాపలావాడు. వీడి పని రింగుల్ని పిలిచి దారానికి ఎక్కించడం. రెండేసి రింగులు, ఎదురెదురుగా."

"ఎక్కి ఏం చేస్తాయి?"

"ముందు ఏమీ చెయ్యవు. ఊరికే కూర్చుంటాయి. తర్వాత మొదలుపెట్టమని కబురొస్తుంది. అప్పుడు ఒకటి అటూ ఒకటి ఇటూ పరుగెత్తుతూ దారాన్ని విప్పుకుంటూ పోతాయి. విప్పిన చోటల్లా నకలు తయారవుతుంది."

"కబురొచ్చాక ఇంకో రింగు వస్తే?"

"ఎక్కనివ్వరు. తలుపు మూసేస్తారు. ఒకే చోట రెండుసార్లు నకలు తయారైతే కణం పాడైపోతుంది కదా. ఎక్కేవన్నీ ముందే ఎక్కాలి."

"ఆలస్యంగా వచ్చిన రింగు ఏడుస్తుందా?"

"ఏడ్చినా తియ్యరు."

పిచ్చుక క్లిప్పు వైపు కాసేపు చూసింది. "నా కాపలావాడు బద్ధకస్తుడా?"

"బద్ధకం కాదే. పాపం వాడి చెయ్యి కొంచెం వంకర. రింగులు ఎక్కించడం నెమ్మది. అందుకే నీ కణాలు తక్కువసార్లు చీలాయి."

"అయితే నేను పొట్టిదాన్ని కాదు, నెమ్మదిదాన్ని" అని తేల్చేసి రింగులతో ఆడుకోవడం మొదలుపెట్టింది.

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో పిన్ని గమనించలేదు. అక్క బట్ట మీది నుంచి తల ఎత్తకుండానే అడిగింది. "ఏమే, నా అక్షరం నీ ఈస్టులో పెట్టి చూడలేవా?"

చూడొచ్చు. ఈస్టులో ఆ జన్యువును అదే చోట అదే విధంగా మార్చి, అది బతుకుతుందో చస్తుందో చూడడం పిన్నికి రోజూ చేసే పనే. అయితే ఇంటివాళ్ళ పనులు ల్యాబ్‌లో చేయకూడదని పెద్ద మేడమ్ నియమం. సొంతవాళ్ళ విషయంలో కళ్ళు తమకు కావలసిందే చూస్తాయని ఆవిడ అనేది. పిన్ని ఆ నియమాన్ని పక్కన పెట్టింది. తప్పు అక్కడ మొదలైందని అనడం తేలిక. అక్క అడిగితే కాదనగలిగిన చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు అనొచ్చు.

ఈ పరీక్షలో ఒక చిక్కు ఉంది. ఆ కాపలావాణ్ణి తయారుచేసే జన్యువు లేకపోతే ఈస్టు అసలు బతకదు. అందుకని మంచి జన్యువు ఒకటి విడిగా ఇచ్చి బతికిస్తారు, ఎప్పుడంటే అప్పుడు లాగేసుకోగలిగిన ఊతకర్రలాగా. పరీక్షించాల్సిన జన్యువును దాని పక్కనే పెడతారు. ఆ తర్వాత కణాలను మందు కలిపిన జావ పోసి గడ్డకట్టించిన ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా వేస్తారు. ఊతకర్ర వదలని కణాన్నల్లా మందు చంపేస్తుంది. ఊతకర్ర వదిలేసిన కణాలు కొత్త జన్యువుతో నడవగలిగితే బతుకుతాయి, లేకపోతే వాటి చావు అవి చస్తాయి.

ప్లేటు మీద ఎప్పుడూ మూడు వరుసలు వేయాలి. మొదటిది మంచి జన్యువు ఇచ్చిన వరుస, అది బతకాలి. రెండోది ఏమీ ఇవ్వని ఖాళీ వరుస, అది చావాలి. మూడోది పరీక్షించాల్సిన వరుస. కీడెంచి మేలెంచమన్న పెద్దల మాటను పెద్ద మేడమ్ ప్లేటు మీదికి తెచ్చింది. ఎవరు ఏ ప్లేటు తెచ్చినా ఆవిడ కళ్ళు ముందు పోయేది రెండో వరుస మీదికే. "చావాల్సింది చచ్చాక బతికిన దాని గురించి మాట్లాడండి" అనేది. ఖాళీ వరుస కూడా పెరిగిందంటే మందు పని చేయడం లేదని, కణాలన్నీ పాత ఊతకర్ర మీదే నడుస్తున్నాయని అర్థం. అందుకే మూడు వరుసలూ ఒకే ప్లేటు మీద ఉండాలి. ఇది ల్యాబ్‌లో చేరిన మొదటి వారంలోనే నేర్చుకునే పాఠం.

పిన్ని దొంగచాటుగా చేస్తోంది కదా. బతకాల్సిన వరుస, చావాల్సిన వరుస ఆ రోజు తన అసలు పని కోసం వేసిన ప్లేటు మీద ఎలాగూ ఉన్నాయి. కొత్త ప్లేట్లు అడిగితే ఎందుకని అడుగుతారు. చల్లగదిలో విప్పి ఉన్న ప్లేట్ల సంచి ఒకటి కనిపిస్తే అందులోంచి ఒక ప్లేటు తీసుకుంది. తేమ తగలకుండా సంచి మూతిని తన జడ రబ్బరుతో బిగించి పెట్టింది. అక్క వరుస ఒక్కటే ఆ ప్లేటు మీద వేసింది.

చుక్కలు పెరిగే దాకా ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. చివరికి వెచ్చగదిలోంచి ప్లేటు తీసి చూస్తే అక్క వరుస వెన్నముద్దల్లా, నిండుగా, తెల్లగా ఉంది. తన అసలు పని ప్లేటు కూడా చూసింది. చావాల్సింది చచ్చింది, బతకాల్సింది బతికింది. ఇంకేం కావాలి? ఆ గదిలో ఒక్కతే నిలబడి నవ్వుకుంది. మెట్ల దగ్గరికి పరుగెత్తి ఫోన్ చేసింది.

"అక్కా, నీ అక్షరం మంచిదే. ఈస్టు హాయిగా బతికింది."

ఫోన్‌లో అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "ఒక్కసారే చేశాననుకో" అని పిన్ని చివర్లో అంది. ఆ మాట అక్క వినలేదు. వినిపించేలా పిన్ని అననూ లేదు.

బావ బ్రేకు మీంచి కాలు తీశాడు. అక్క కడుపుతో ఉందని తెలిశాక డాక్టరు కడుపులో సూది గుచ్చి ఒక పరీక్ష చేద్దామన్నాడు, బిడ్డకు రెండు లోపాలూ చేరాయో లేదో తెలిసిపోతుందన్నాడు. ఆ సూది వల్ల అరుదుగా గర్భం పోవచ్చని కూడా చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. "మా చెల్లెలు చూసిందండీ" అంది. ల్యాబ్‌లో ఈస్టు వేరు, ఆసుపత్రి వేరు అని ఆయన చెప్పి చూశాడు. మనసు మారితే అయిదో నెల దాటేలోగా రమ్మన్నాడు. ఆ తర్వాత ఏ పరీక్ష చేసినా తెలుసుకోవడానికే తప్ప ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవడానికి వీలుండదని విడమరిచి చెప్పాడు.

అయిదో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం పిన్ని ప్లేట్లు పోసే గదికి వెళ్ళింది. అక్కడ పెద్ద ఆవిరి పాత్రలో రోజూ కుండెడు జావ కాచి ప్లేట్లలో పోసే మనిషిని అందరూ వంటాయన అంటారు. ఆయన చెత్తడబ్బా మీద వంగి, చల్లగదిలో నెలల తరబడి పడి ఉన్న ఒక సంచి ఖాళీ చేస్తున్నాడు.

"ఇదొకటి నా తలమీదికి వచ్చిందమ్మా" అన్నాడు నవ్వుతూ. "పోసేటప్పుడు మందు కలపడం మర్చిపోయినట్టున్నాను. పక్క ల్యాబ్ వాళ్ళు ఇందులోంచి పట్టుకెళ్ళారు. ఏది వేసినా పెరుగుతోందట. చచ్చినవి కూడా లేచి కూర్చుంటున్నాయండీ అని వాళ్ళు నన్ను ఆటపట్టిస్తున్నారు."

పిన్ని కూడా నవ్వబోయింది. సంచి మూతికి జడ రబ్బరు వేలాడుతోంది.

"ఈ సంచి మొత్తం అంతేనా?" అని అడిగింది.

"ఒక కుండలోది ఒక సంచి కదమ్మా. ఉంటే అన్నిట్లో ఉంటుంది, లేకపోతే ఒక్కదాంట్లోనూ ఉండదు."

అక్క వరుస అంత నిండుగా ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది. ఊతకర్ర ఎవరూ లాగలేదు. ఆ కణాలు పాత మంచి జన్యువు మీదే నడిచాయి. అక్క అక్షరం మంచిదో చెడ్డదో ఆ ప్లేటు ఏమీ చెప్పలేదు. చెప్పిందనుకున్నది పిన్ని ఒక్కతే.

తన బల్ల దగ్గరికి వచ్చి ఎంతసేపు కూర్చుందో, ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, కదిలిందే! ఇప్పుడే, మిషను దగ్గర కూర్చుంటే. మొదట గ్యాసేమో అనుకున్నా. మళ్ళీ కదిలింది. పిచ్చుకప్పుడు ఇంత గట్టిగా తెలియలేదు తెలుసా?" అక్క నవ్వుతోంది. "వింటున్నావా?"

"వింటున్నా అక్కా."

"ఇదిగో, నీ పిచ్చుక లాక్కుంటోంది."

"పిన్నీ, ఒక సమస్య వచ్చింది" అంది పిచ్చుక. పుట్టబోయేది తమ్ముడేనని అది ఎప్పుడో నిర్ణయించేసింది. "వాడు నాలుగేళ్ళకే నా అంత అవుతాడు. అయిదేళ్ళకి నన్ను దాటేస్తాడు. అప్పుడు నేను అక్కనెలా అవుతాను?"

"అక్క అంటే పొడుగు కాదే. ముందు పుట్టడం."

"చూసేవాళ్ళకి తెలియాలిగా ఆ సంగతి. వాడు నన్ను ఎత్తుకుని తిప్పితే నా పరువేం కావాలి?"

వెనక అక్క నవ్వు మళ్ళీ వినిపించింది. పనుందని చెప్పి పిన్ని ఫోన్ పెట్టేసింది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ పూట కాకపోతే సాయంత్రం వెళ్ళి చెప్పాల్సింది. 'అక్కా, నేను చెప్పింది చెల్లదు, నాకేమీ తెలియదు, ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తు.' ఇంతే మాట. దీనికి ఏ ప్లేటూ అక్కర్లేదు. కానీ ఈ మహాతల్లి వెళ్ళి ఫ్రీజర్ తెరిచింది. కిందటిసారి సరిచూసుకోకుండా చెప్పి కొంప ముంచాను, ఈసారి సరిచూసుకోకుండా చెప్పను అనుకుంది. ఒకవేళ అక్షరం నిజంగానే మంచిదైతే? అనవసరంగా అక్కను సూది కిందికి తోసి, ఆ సూది వల్లే బిడ్డ పోతే? పైకి ఎంత తెలివైన మాటలో చూడండి. లోపల ఉన్నది మాత్రం ఒట్టి పిరికితనం. అక్క నవ్వు విన్న చెవితో అక్క ఏడుపు వినలేకపోయింది.

ఈస్టుకు తొందర తెలియదు. గడ్డకట్టిన కణాలు మేల్కోవాలి, వాటిలో జన్యువు ఎక్కాలి, ఎక్కినవి పెరగాలి, పెరిగినవాటిని మళ్ళీ మందు ప్లేటు మీద వేయాలి. ప్రతి మెట్టు దగ్గరా ఎదురుచూపే. ఈసారి పిన్ని మందు తానే తూచి, తానే కలిపి, మూడు వరుసలూ ఒకే ప్లేటు మీద వేసింది. మొదటి వరుస బతికింది. రెండోది చచ్చింది. అక్క వరుసలో సూదిమొన అంత చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి. మిగతాదంతా ఖాళీ.

కణాలు తక్కువ పడ్డాయేమో అనుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ అదే. వేరే ఈస్టు రకంలో పెట్టి చూద్దామని మొదటి నుంచి మొదలుపెట్టింది. మధ్యలో అక్క ఫోన్లు చేస్తూనే ఉంది. ఒకసారి ఉయ్యాల గురించి, ఒకసారి నడుం నొప్పి గురించి. ఒకసారి ఊరికే. మింగలేక కక్కలేక పిన్ని "ఆఁ అక్కా, ఊఁ అక్కా" అంటూ నెట్టుకొచ్చింది. "నీకేమైందే, మాట్లాడితే డబ్బులు పోతాయా?" అని అక్క దెప్పింది కూడా.

ఆ కొత్త రకం ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా పెద్ద మేడమ్ వెనక నుంచి వచ్చింది. అలవాటు ప్రకారం ముందు రెండో వరుస చూసింది, తర్వాత మూడోది.

"ఎవరిది ఈ మార్పు?"

"ఒక... తెలిసినవాళ్ళదండీ."

పెద్ద మేడమ్ బల్ల మీద పరిచి ఉన్న పాత ప్లేట్లు చూసింది. అన్నిట్లోనూ అదే మూడో వరుస, అదే ఖాళీ. "ఇది బతకదని మొదటి ప్లేటే చెప్పింది కదా. ఇంకా ఎందుకు వేస్తున్నావు?"

"ఒకసారి చూసింది చూసినట్టు కాదని మీరే అంటారు కదండీ."

"అంటాను" అంది ఆవిడ. "నువ్వు చేస్తున్నది సరిచూసుకోవడం కాదమ్మా. వేరే జవాబు వస్తుందేమోనని అడిగిందే అడుగుతున్నావు."

పిన్ని గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. అక్కకు ఆరో నెల వచ్చేసి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. ఇన్నాళ్ళూ చేసినదల్లా ఆకులు ఏరుకోవడమే.

మర్నాడు ఉదయం ఆమె చెప్పేద్దామని అక్క ఇంటికి బయల్దేరబోతుంటే అక్క దగ్గర నుంచే ఫోన్ వచ్చింది. "ఒకసారి రావే" అంది. గొంతులో దెప్పు లేదు.

తలుపు బావ తీశాడు. పలకరించకుండా పక్కకు తప్పుకున్నాడు. కిటికీ చువ్వల మధ్య ఆ పురికొస ఇంకా అలాగే కట్టి ఉంది, క్లిప్పు మీద దుమ్ము పట్టింది. రింగులు లేవు. లోపలి గదిలో పిచ్చుక ఏదో పెట్టె లాగుతున్న చప్పుడు వస్తోంది. అక్క మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది, మెడలో టేపు వేలాడుతోంది. మిషను మీద బట్ట లేదు.

"నిన్న స్కానింగుకి వెళ్ళాం" అంది అక్క. "తొడ ఎముక పొట్టిగా ఉందట. తల కూడా చిన్నదట. ఉండాల్సిన దాని కన్నా బాగా వెనకబడి ఉందన్నాడు డాక్టరు. పిచ్చుక జబ్బే అయ్యుండొచ్చు అన్నాడు."

పిన్ని నిలబడే ఉంది.

"నేను కాదని వాదించానే. మా చెల్లెలు ఈస్టులో పెట్టి చూసింది, నా అక్షరం మంచిదే, ఇది వేరే ఏదో అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు." అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నువ్వు చెప్పవే. వేరే కారణాలుంటాయి కదా? నేను సరిగ్గా తినకపోయినా పెరగరట కదా? నీ ఈస్టు బతికిందిగా?"

ఉంటాయి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో అక్క ఇంకో నాలుగు రోజులు నిద్రపోయేది. ఆ మాట పిన్ని నాలుక చివర దాకా వచ్చింది కూడా. బావ గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు.

"ఆ ప్లేటులో మందు లేదక్కా" అంది పిన్ని. "కలపడం మర్చిపోయారు. చావాల్సిన వరుస నేను దాని మీద వెయ్యలేదు. వేసుంటే ఆ రోజే తెలిసేది. మళ్ళీ చేశాను. నీ అక్షరంతో ఈస్టు బతకడం లేదు."

అక్క చెల్లెలి చెయ్యి వదిలిపెట్టింది. మెడలోంచి టేపు తీసి నెమ్మదిగా వేళ్ళకు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

పిన్ని మిషను సూది వైపు చూసింది.

"నిన్నేనే. మందు లేదని ఎప్పుడు తెలిసింది?"

"కదిలిందని ఫోన్ చేశావు చూడూ, ఆ రోజు. దానికి కొంచెం ముందు."

అక్క చేతిలో టేపు ఆగిపోయింది. "అయితే నేను నవ్వుతుంటే... నీకు అప్పటికే తెలుసన్నమాట."

"సరిచూసుకుని చెబుదామని అక్కా. మళ్ళీ తప్పు చెబుతానేమోనని..."

"ఎవరి కోసం సరిచూసుకున్నావు?" అక్క అరవలేదు. అరిచి ఉంటే పిన్నికి కాస్త ఊపిరాడేది. "ఆ రోజే చెప్పుంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. ఉంచుకునేదాన్నేమో. వద్దనుకునేదాన్నేమో. ఎటూ తేల్చుకోలేక ఏడ్చేదాన్నేమో. ఆ ఏడుపు నాది కదే. దాన్ని కూడా నన్ను ఏడవనివ్వలేదు నువ్వు."

బావ వంటగదిలోకి వెళ్ళిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, ఎంతసేపటికీ ఆగలేదు.

పిన్ని అక్క పాదాల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. క్షమించమని అడగాలనుకుంది కానీ దేనికని అడగాలి? వేయని వరుసకా, ఎత్తిన ప్రతి ఫోన్‌లోనూ మింగిన మాటకా? ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

లోపలి గదిలోంచి పిచ్చుక గోడ పట్టుకుంటూ వచ్చింది. ఒక చేత్తో గుడ్డ సంచి ఈడ్చుకొస్తోంది. దాని నిండా అది పసితనంలో వేసుకున్న చొక్కాలు, అక్క కుట్టినవి, బొమ్మకు సరిపోయేంతవి. నిన్నటి నుంచి పెద్దవాళ్ళ మాటల్లో దానికి ఎంత అర్థమైందో, ఏం అర్థమైందో.

"పిన్నీ, వచ్చావా! వాడు చిన్నగా ఉన్నాడట, తెలుసా? నాలాగే నెమ్మదట." దాని ముఖం వెలిగిపోతోంది. "నా చొక్కాలన్నీ వాడికి సరిపోతాయి. ఇంక నన్ను దాటడు. అయితే ఎప్పటికీ నేనే అక్కనన్నమాట, కదమ్మా?"

అక్క సంచిలోంచి ఒక చొక్కా తీసింది. ఒడిలో పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసింది. మెడ దగ్గర పాలగొట్టం పోవడానికి విడిచిన చిన్న చీలిక ఉంది, దాని చుట్టూ తెల్లదారంతో కుట్టు.

"అవునే" అంది. "ఎప్పటికీ నువ్వే అక్కవి."

పిచ్చుక మిగతా చొక్కాలు తేవడానికి మళ్ళీ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగి, అక్క చొక్కా మీంచి తల ఎత్తకుండా చెల్లెలితో అంది.

"గొట్టం పెట్టేటప్పుడు బిడ్డ చేతులు కదలకుండా పట్టుకోవాలి. నిన్నే చూస్తూ ఏడుస్తుంది. ఈసారి నువ్వు పట్టుకో."

పిన్ని సరేనంది.